అడవి యంచున వెలసిన చిత్రకారుల పల్లె: బార్బిజోన్ పూర్వనివాసులు

ఒక గ్రామము చరిత్ర కెక్కవలెనన్న అచ్చట నొక యుద్ధమైనను జరిగియుండవలెను, ఒక రాజైనను కోట కట్టియుండవలెను, ఒక మహాపురుషుడైనను జన్మించియుండవలెను అని లోకము తలచును. ఫ్రాన్సు దేశమున, పారిసు మహానగరమునకు ఆగ్నేయదిశగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున, ఫాంటెన్‌బ్లో మహారణ్యపు పడమటి యంచు నానుకొనియున్న బార్బిజోన్ అను పల్లెకు ఈ మూడు భాగ్యములలో నేదియు కలుగలేదు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున దానికి తనదని చెప్పుకొనదగిన దేవాలయము లేదు, శ్మశానవాటికయు లేదు. ప్రార్థనకైనను, మృతులను పాతిపెట్టుటకైనను ఆ పల్లెవారు సమీపముననున్న షాయీ గ్రామమునకు నడచిపోవలసినదే. 1903వ సంవత్సరము వరకు బార్బిజోన్ ఆ షాయీకి శివారుపల్లెగనే యుండి, ఆ యేట గాని ప్రత్యేక గ్రామముగా గుర్తింపు పొందలేదు. అట్టి యూరి పేరు నేడు ప్రపంచ చిత్రకళాచరిత్రలో నొక సంప్రదాయమునకే నామధేయమై నిలిచియున్నది.

ఈ ఖ్యాతిని దానికి సంపాదించినవారు ఆ మట్టిలో పుట్టినవారు కారు. నగరమున తిరస్కారమునకు గురియై యొకరు, మహమ్మారికి వెరచి యొకరు, అడవిమీది వలపుచేత నొకరు, ఇట్లు వేర్వేరు కారణములచే వచ్చి, ఆ యొంటివీథి పల్లెలో ఇల్లు అద్దెకు తీసికొని, అక్కడనే ముదిసి, పలువురు అక్కడనే కన్నుమూసిరి. ఊరు వారికి ఆశ్రయమిచ్చినది. వారు ఊరికి ఋణపడిరి. ఆ ఋణమును వారు తీర్చిన తీరే బార్బిజోన్ చరిత్రలో మిక్కిలి విలువైన భాగమని నా యభిప్రాయము.

ముందుగా ఆ యడవిని గూర్చి కొంత చెప్పవలెను. నేడు సుమారు 17,000 హెక్టార్ల మేర వ్యాపించియున్న ఫాంటెన్‌బ్లో అరణ్యము ఫ్రాన్సు రాజులకు శతాబ్దముల తరబడి వేటస్థలము. దాని నడుమనున్న పట్టణమున వారి రాజప్రాసాద మిప్పటికిని కలదు. ఒకచోట ఇసుకరాతి గుండ్లు గుట్టలు గుట్టలుగా పడియుండును; ఇంకొకచోట వందల యేండ్ల ఓక్ వృక్షములు, బీచ్ వృక్షములు సూర్యరశ్మిని నేలకు సోకనీయక నిలిచియుండును. బార్బిజోన్ పల్లె తూర్పుకొనయందు వీథి ముగిసినచోటనే అడవి మొదలగును. బా బ్రెయో అను ప్రాచీన వృక్షవాటికయు, ఆప్రెమోన్ అను రాతిలోయయు అక్కడికి నడకదూరమే. పడమటి వైపున షాయీ మైదానము, గోధుమ చేలతో, బంగాళాదుంప మళ్ళతో చూపుమేర పరచుకొనియుండును. కట్టెలు కొట్టువారు, పారిసు వీథులకు పరచు బండలను అడవిలో చెక్కువారు, గొఱ్ఱెల కాపరులు, కామందుల పొలములలో కూలి చేయువారు, వీరే ఆనాటి గ్రామజనము. ఈ రెండు దిక్కుల భేదమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏలనన ఆ యూరి యిద్దరు మహాచిత్రకారులలో నొకడు తూర్పునకు, మరియొకడు పడమటికి ముఖము పెట్టి తమ జీవితములను గడిపిరి.

ఆ కాలమున ఫ్రాన్సులో చిత్రకళ ప్రభుత్వ విద్యాపీఠపు శాసనమునకు లోబడియుండెను. పురాణేతిహాస ఘట్టములు చిత్రించుట ఉత్తమమనియు, చెట్టుచేమలను చిత్రించుట అధమమనియు పెద్దలు తరగతులు ఏర్పరచిరి. 1817లో ప్రకృతిచిత్రణకును ఒక బహుమానము ప్రవేశపెట్టబడినది గాని, అదియు 'చారిత్రక' ప్రకృతిచిత్రణమునకే. అనగా చెట్టు క్రింద ఒక దేవతయో వీరుడో నిలుచుండనిచో ఆ చెట్టునకు గౌరవము లేదన్నమాట. ఇట్లుండగా 1824లో పారిసు ప్రదర్శనమున ఆంగ్ల చిత్రకారుడగు కాన్‌స్టబుల్ తన దేశపు పొలములను, వాగులను, మబ్బులను ఉన్నవియున్నట్లు చిత్రించిన పటములను చూచి యువకులు విస్మయము చెందిరి. తమ దేశమునను ఇట్టి నేల యున్నదిగదా యను తలంపు వారిలో కలిగినది. ఇటలీకి పోనక్కరలేకయే, పారిసునకు ఒకనాటి ప్రయాణములో, ఆదిమారణ్యము వలె తోచు అడవి యొకటి వారికై కాచుకొనియుండెను. కామీ కోరో వంటివారు 1820ల నుండియే అక్కడికి రాసాగిరి.

వచ్చినవారికి బస కావలెను. ఫ్రాన్స్వా గాన్ అను గ్రామస్థుడు తన భార్యతో కలిసి 1824 ప్రాంతమున కిరాణా అంగడియు భోజనశాలయు కలిసిన యొక సత్రమును తెరచెను. తెల్లవారకముందే చిత్రకారులు తమ పెట్టెలు భుజమున వేసికొని, గృహిణి కట్టియిచ్చిన భోజనపు మూటతో అడవికి పోయి, చీకటిపడువేళకు తిరిగివచ్చి, పొడవైన బల్లచుట్టు కూర్చుండి ఆనాటి పనిని గూర్చి వాదులాడుకొనుచు భుజించుచుండిరి. వాన కురిసి బయటికి పోలేని దినములలో వారి చేతులు ఊరకుండలేదు. సత్రపు గోడలమీద, తలుపులమీద, బీరువా చెక్కలమీద బొమ్మలు వ్రాసిరి. క్రొత్తగా వచ్చినవానిచేత చుట్టగొట్టము త్రాగించి, వెడలిన పొగ వన్నెవన్నెలుగా నున్నదో బూడిదరంగుగా నున్నదో చూచి, అతడు వర్ణప్రియుల పక్షమో ప్రాచీనుల పక్షమో నిర్ణయించెడివారని చెప్పుకొందురు. ఆ సత్రము నేడు ప్రభుత్వ చిత్రశాలయై, ఆ బొమ్మలతోనే దర్శకుల నాకర్షించుచున్నది. గాన్ దంపతుల కుమార్తె లూయీజును 1859లో ఆరాస్ పట్టణపు ఛాయాగ్రాహకుడు యూజీన్ క్యువెలియే వివాహమాడినపుడు మహాచిత్రకారులే పెండ్లిపెద్దలై ఉత్సవమున పాల్గొనిరి. ఆ క్యువెలియే తీసిన అరణ్యఛాయాచిత్రములు ఛాయాగ్రహణకళ తొలినాళ్ళ యుత్తమకృతులలో నెన్నబడుచున్నవి.

చిత్రకారుల రాక క్రమక్రమముగా ప్రవాహమగుటకు రెండు లౌకిక కారణములును కలవు. పూర్వము నూనెరంగులను పందితిత్తులలో మూటగట్టి మోయవలసియుండెను. అవి పగిలిపోవుచు, ఎండిపోవుచు నుండుటచే చిత్రకారుడు ఆరుబయట చిన్న చిత్తులు మాత్రము గీచుకొని, పటమును ఇంటిలో పూర్తిచేయుచుండెను. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ తగరపు గొట్టములలో రంగును నింపు పద్ధతిని కనిపెట్టగా, వర్ణశాల యంతయు సంచిలో నిముడునదాయెను. 1849లో పారిసు నుండి ఫాంటెన్‌బ్లోకు రైలుమార్గము పడినది. అంతకుముందు బండిమీద శ్రమపడి చేరవలసిన ప్రదేశము కొలది గంటల ప్రయాణమాయెను. కళలో నూతనమార్గములు కేవలము ప్రతిభచేతనే యేర్పడునని తలచువారు ఈ తగరపు గొట్టమును, ఆ ఇనుపబాటను మరువరాదు.

సత్రమున దిగి పోవువారు పలువురుండగా, ఊరినే తన యిల్లుగా చేసికొన్నవారిలో అగ్రగణ్యుడు థియొడోర్ రూసో. ఇతడు 1812లో పారిసున ఒక వస్త్రవ్యాపారి యింట జన్మించెను. బాల్యము నుండియు చెట్లయెడ నితనికి గల ప్రేమ అసాధారణము. ఓక్ వృక్షమును ఇతడు ఒక వ్యక్తి వలె పరిశీలించెను. దాని బెరడులో, కొమ్మల వంపులో, వేళ్ళ పట్టులో దాని యాయుర్దాయమును, అది యెదుర్కొనిన గాలివానలను చదువుకొనెను. 1836లో ఇతడు పంపిన 'జూరా పర్వతములనుండి పసులమంద దిగివచ్చుట' యను పెద్దపటమును ప్రభుత్వ ప్రదర్శనపు న్యాయనిర్ణేతలు త్రోసిపుచ్చిరి. 1841 వరకు పంపిన పటముల కన్నింటికిని అదియే గతి పట్టినది. పిదప ఇతడు పంపుటయే మానుకొనెను. జనులు ఇతనికి మహాతిరస్కృతుడని పేరు పెట్టిరి. 1848 విప్లవమునకు చేరువలో ఇతడు బార్బిజోన్‌లో ఒక రైతుయిల్లు తీసికొని, దాని ధాన్యపుకొట్టమును చిత్రశాలగా మార్చుకొని స్థిరపడెను. ఆ విప్లవముతో పాత న్యాయనిర్ణేతల యధికారము కూలి, నూతన ప్రభుత్వము ఇతనిచే ఫాంటెన్‌బ్లో అడవి చివర సూర్యాస్తమయమును చిత్రింపజేసి గౌరవించెను.

రూసో తూర్పునకు, అడవి వైపునకు, తిరిగినవాడు. పడమటి పొలముల వైపునకు తిరిగినవాడు జాన్ ఫ్రాన్స్వా మిల్లే. ఇతడు 1814లో నార్మండీ తీరమున గ్రూషీ యను పల్లెలో రైతుబిడ్డగా పుట్టి, యౌవనము వరకు నాగలి పట్టినవాడు. బైబిలును వర్జిలు కావ్యములను చదివినవాడు. షెర్‌బూర్ పట్టణపు వేతనముతో 1837లో పారిసునకు పోయి చిత్రకళ నభ్యసించి, పొట్టకూటికై ముఖచిత్రములు వ్రాయుచు, మొదటి భార్యను క్షయవ్యాధి పాలుచేసికొని, నగరజీవితమున నలిగిపోయెను. 1848లో ఇతడు ప్రదర్శించిన 'తూర్పారపట్టువాడు' అను పటమున ఇతని నిజమైన మార్గము తొలిసారి వెల్లడియైనది. మరుసటి యేడు పారిసున కలరా మహమ్మారి విజృంభింపగా, ప్రభుత్వము ఒక పటమునకై ఇచ్చిన ధనమును చేతబట్టుకొని, తన భార్య కాతరీనుతోను ముగ్గురు బిడ్డలతోను, మిత్రుడగు షార్ల్ జాక్ కుటుంబముతోను కలిసి బార్బిజోన్ చేరెను. కొలదివారములు తలదాచుకొనుటకు వచ్చినవాడు, 1870–71 యుద్ధకాలమున షెర్‌బూర్‌లో గడపిన కొన్నిమాసములు తప్ప, అక్కడనే ఇరువదియైదు సంవత్సరములు నిలిచి తొమ్మండుగురు బిడ్డల తండ్రియై ఆ యూరనే మరణించెను.

ఉదయము పెరటితోటలో మట్టిపని, మధ్యాహ్నము నుండి తక్కువయెత్తు కప్పుగల గదిలో చిత్రపుపని, సాయంకాలము మైదానమునకు షికారు: ఇది మిల్లే దినచర్య. కర్రచెప్పులు తొడిగి ఊరివారి వలెనే తిరుగుచున్న ఈ మనిషి వారి పనిని చూచుటలో తన పూర్వానుభవమునే తిరిగి చూచుకొనెను. 1850లో వ్రాసిన 'విత్తులు చల్లువాడు' అను పటమున ఏటవాలుగా నున్న నేలమీద పెద్దపెద్ద అంగలు వేయుచు, గింజల సంచి భుజమున వేసికొని, చేయి చాచి నడచు రైతు దేవాలయ శిల్పముల పరిమాణమును సంతరించుకొనెను. పురాణపురుషులకు మాత్రమే చెల్లునని పెద్దలు చెప్పిన గాంభీర్యమును మిల్లే యొక కూలివానికి ఇచ్చినాడు. ఆ సాహసమునకు ఆనాడు గల యర్థమును గ్రహించుటకు మనము 1857 నాటి 'పరిగె ఏరువారు' అను పటమును చూడవలెను.

కోత ముగిసి, పనలు కుప్పలకెక్కిన పిమ్మట, చేలలో రాలిన వెన్నులను పేదలు ఏరుకొనుట ఫ్రాన్సులో ప్రాచీనమైన హక్కు. సూర్యోదయమునకు తరువాత, సూర్యాస్తమయమునకు ముందు మాత్రమే, అదియు పంట పూర్తిగా ఇల్లు చేరిన పిదపనే పరిగె ఏరవలెనని నియమములుండెను. మిల్లే పటమున ముగ్గురు స్త్రీలు నేలబారుగా వంగి యొక్కొక్క వెన్నును ఏరుచుందురు. దూరమున ఆకాశమునంటు కుప్పలు, నిండిన బండ్లు, గుఱ్ఱముమీద కాపలా చూచు అధికారి చిన్నచిన్న రూపములుగా కనబడుదురు. సమృద్ధి వెనుకకు పోయి, లేమి ముందుకు వచ్చినది. విప్లవము జరిగి పదియేండ్లయినను కాని ఆ కాలమున ఈ మూడు వంగిన వెన్నులను చూచి పారిసు సంపన్నవర్గము భీతిల్లెను. విమర్శకులు కొందరు వీరియందు మరియొక తిరుగుబాటు ఛాయలను చూచిరి. మిల్లేకు రాజకీయవాదములయందు మక్కువ లేదు. ఆయన తాను చూచినదానిని చూచినట్లు చెప్పెను. ఆ చూచినది వినుటకు సులభమైన మాట కాకపోయెను. 1863లో ప్రదర్శింపబడిన 'గుద్దలి పట్టిన మనిషి' పైనను, పనిచే కృశించి గుద్దలికర్రపై వాలిన ఆ దీనముఖముపైనను, వెలువడిన నింద అంతకంటె తీవ్రమైనది.

'ఆంజెలస్' అను పటపు చరిత్ర వేరు. సాయంకాలపు గంట మ్రోగగానే, పొలములో పని చేయువారు పని నాపి, మృతుల యాత్మశాంతికై ప్రార్థించునట్లు తన నాయనమ్మ బాల్యమున తమచే చేయించెడిదని మిల్లే జ్ఞాపకము. బంగాళాదుంపలు త్రవ్వుచున్న భార్యాభర్తలు పనిముట్టును నేలలో గ్రుచ్చి, బుట్టను క్రింద నుంచి, తలలు వంచి నిలిచియున్న ఆ దృశ్యమునకు వెనుక దిగంతమున షాయీ దేవాలయ శిఖరము కనబడును. ఈ పటమును మొదట కోరిన అమెరికా సంపన్నుడు తీసికొని పోవుటకు రాలేదు. 1860లో ఒక బెల్జియము చిత్రకారునకు ఇది 1,000 ఫ్రాంకులకు అమ్ముడుపోయెను. పలువురు బిడ్డలున్న యింటిలో ఆ సొమ్ము ఎన్నాళ్ళు నిలుచును?

ఈ దారిద్ర్యకాలముననే రూసో, మిల్లేల స్నేహము వికసించినది. స్వభావములలో వారు భిన్నులు. ఒకడు నాగరికుడు, సందేహశీలుడు, ఒక్కొక్క పటమును సంవత్సరముల తరబడి దిద్దువాడు. ఇంకొకడు కర్షకుడు, మితభాషి. 1855లో మిల్లే 'అంటు కట్టు రైతు' అను పటమును ప్రదర్శించెను. భార్య బిడ్డ నెత్తుకొని చూచుచుండగా రైతు చెట్టునకు అంటు కట్టు ఆ పటమును ఒక అమెరికావాడు 4,000 ఫ్రాంకులకు కొన్నాడని రూసో వచ్చి చెప్పి ధనమిచ్చెను. ఆ అమెరికావాడు వేరెవ్వడును కాడు, రూసోయే. అభిమానధనుడగు మిత్రుని మనస్సు నొవ్వకుండ ఉపకారము చేయుటకు, తానును అప్పుడప్పుడే కుదుటబడుచున్న ఆయన ఈ నాటకమాడెను. బార్బిజోన్‌లో వెలసిన కళాఖండములలో దేనికిని ఈ చర్య తీసిపోదని నేను తలతును.

రూసో చివరిదినములు దుఃఖభాజనములు. భార్యకు మతి చలించెను. ఆమెను చికిత్సాలయమునకు పంపుమని పలువురు చెప్పినను ఆయన ఒప్పక ఇంటనే కాపాడుకొనెను. 1867 పారిసు అంతర్జాతీయ ప్రదర్శనమున చిత్రకళాన్యాయనిర్ణేతల మండలికి, ఒకప్పుడు తన్ను త్రోసిపుచ్చిన యట్టి మండలికే, ఆయన అధ్యక్షుడాయెను. ఆ గౌరవము చేతికందిన యేడే పక్షవాతము క్రుంగదీయగా, డిసెంబరు 22వ తేదీన మిల్లే చెంతనుండగా బార్బిజోన్‌లో ప్రాణములు విడచెను. 1875 జనవరి 20వ తేదీన మిల్లే మరణించినపుడు షాయీ శ్మశానవాటికయందు ఆయనను రూసో సమాధి చెంతనే ఉంచిరి. అనంతరము మిల్లే వితంతువునకు కోరో 10,000 ఫ్రాంకులు పంపెను. ఒక మాసము దాటినదో లేదో, ఫిబ్రవరిలో ఆయనయు దివంగతుడాయెను. ఆ యేడే జూన్‌లో జంతుశిల్పిగా ప్రసిద్ధుడును, బార్బిజోన్ గృహస్థుడును అగు బారీయు, మరుసటి యేడు చిత్రకారుడు దియాజ్‌యు గతించిరి. ఒక తరము ఇరువది రెండు మాసములలో ముగిసిపోయినది.

మిల్లే గతించిన పిదప ఆయన పటముల వెల పెరిగిన వైనము విడిగా చెప్పదగినది. 1889లో 'ఆంజెలస్' పారిసు వేలములో 5,53,000 ఫ్రాంకులు పలికెను. అది అమెరికాకు తరలిపోగా, పారిసు వర్తకుడు షోషార్ మరుసటి యేడు అంతకంటె నధికమగు ధనమిచ్చి తిరిగి తెప్పించి, తన మరణానంతరము జాతికి చెందునట్లు వ్రాసెను. వేయి ఫ్రాంకుల పటము మూడు దశాబ్దులలో ఐదున్నర లక్షలైనను, దానిని సృజించినవాని కుటుంబమునకు ఆ లాభములో ఒక చిల్లిగవ్వయు రాలేదు. ఈ యన్యాయము దేశమున చర్చకు వచ్చెను. 1920 మే నెలలో ఫ్రాన్సు ప్రభుత్వము, కళాఖండములు బహిరంగ వేలమున తిరిగి అమ్ముడుపోవునపుడు ఆ వెలలో కొంతభాగము కళాకారునికో అతని వారసులకో చెందునట్లు చట్టము చేసెను. మిల్లే కుటుంబపు దృష్టాంతము ఆ వాదములలో తరచు ఉదాహరింపబడినది. నేడు అనేక దేశములలో అమలునందున్న ఈ హక్కునకు ఆ పల్లెయింటి లేమి యొక ప్రేరణ.

రూసో, మిల్లేల చుట్టును ఎందరెందరో నివసించిరి. దియాజ్ స్పానిషు శరణార్థుల బిడ్డ. బాల్యమున ఒక కాలు పోగా కర్రకాలితోనే అడవి యంతయు తిరిగి ఆకుల సందులనుండి దిగు వెలుతురును చిత్రించెను. పోకిరీలు ఒక బీదచిత్రకారుని అడవిలో వేధింపగా వారిని తరిమి, తన రంగుల వర్తకుని వద్ద ఆ యువకునకు అరువు ఇప్పించిన దయాళువు ఈయనయే. ఆ యువకుడు పిదప లోకప్రసిద్ధుడైన రెన్వార్. మిల్లేతో కలిసి వచ్చిన షార్ల్ జాక్ గొఱ్ఱెలను, కోళ్ళను చిత్రించుటయే గాక కోళ్ళ పెంపకముపై 1858లో ఒక శాస్త్రగ్రంథమును ప్రకటించెను. అమెరికా ఆదివాసుల రూపములను 1830లలో వారి నడుమ తిరిగి చిత్రించిన స్విస్ చిత్రకారుడు కార్ల్ బోడ్మర్ తన ప్రౌఢవయస్సును ఈ యడవి యంచున గడపెను. బోస్టనువాడగు విలియం మారిస్ హంట్ మిల్లేకు శిష్యుడును పోషకుడును అయి 'విత్తులు చల్లువాని'ని స్వదేశమునకు కొనిపోయెను. రుమేనియా చిత్రకారుడు గ్రిగొరెస్కూ 1862 తరువాత ఇక్కడ పని నేర్చి తన దేశమున నవీనచిత్రకళకు మూలపురుషుడాయెను. ప్రక్కనున్న షాయీ సత్రమున 1860లలో మొనే, బజీల్ మొదలగు యువకులు బసచేసి, తరువాతి కళావిప్లవమునకు పునాదులు వేసిరి.

చిత్రకారులను వెంబడించి రచయితలు వచ్చిరి. గొంకూర్ సోదరులు 1867లో ప్రకటించిన నవలలో ఈ యూరి సత్రజీవితమును వర్ణించిరి. మిల్లే పోయిన 1875లోనే యువకుడగు రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ తన పెదతండ్రి కుమారునితో వచ్చి సిరోన్ సత్రమున దిగి, ఆ యడవిని గూర్చి వ్యాసములు వ్రాసెను. ఇరువదవ శతాబ్దిలోను ఊరి యాశ్రయగుణము మారలేదు. రష్యానుండి బహిష్కృతుడగు ట్రాట్‌స్కీ 1933 నవంబరు మొదలు 1934 ఏప్రిల్ వరకు అడవిచెంత ఒక యింట అజ్ఞాతవాసము చేసెను. అతని యునికి వెల్లడికాగా పత్రికలు గగ్గోలు పెట్టినవి. అతడు ఊరు విడువవలసివచ్చెను. చరిత్రలో ఆయన స్థానము గొప్పదే కాని, ఆ ఊరి చరిత్రలో ఆయన బాటసారి మాత్రమే.

ఇప్పుడు రూసో చేసిన మరియొక మహాకార్యమును చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్దిలో అటవీశాఖవారు ఫాంటెన్‌బ్లోలో ప్రాచీన ఓక్ వృక్షములను నరికించి, వేగముగా నెదుగు పైన్ చెట్లను వేలాది హెక్టార్లలో నాటింపసాగిరి. కలపలెక్కలలో అది లాభసాటి. కాని తాము ఏండ్ల తరబడి పేరుపేరున నెరిగిన వృక్షములు గొడ్డలిపాలగుటను చిత్రకారులు సహింపలేకపోయిరి. రూసో 1847 ప్రాంతమున చెట్లకోతను చిత్రించి, దానికి శిశుసంహారమును స్ఫురింపజేయు బైబిలు పేరు పెట్టెను. పటముతో పని కాదని గ్రహించి, 1852లో మిత్రుడగు సెన్సియే సాయమున ఒక విజ్ఞప్తి వ్రాసి, మంత్రియగు మోర్ని ప్రభువు ద్వారా మూడవ నెపోలియనునకు పంపెను. కళలకు ఆదర్శములగు ఆ వృక్షవాటికలను చరిత్రస్మారకముల వలె కాపాడవలెనని అందలి ప్రార్థన. మరుసటి యేడు 624 హెక్టార్లలో నరుకుడు మానిపింపబడెను. 1861లో చక్రవర్తి శాసనముచే 1,097 హెక్టార్లు 'కళారక్షితభాగము'గా ప్రకటింపబడినవి. అమెరికాలో యెల్లోస్టోన్ జాతీయోద్యానము ఏర్పడుటకు ఇది పదునొకండేండ్ల ముందుమాట. ప్రకృతిని దాని సౌందర్యమునకై ఒక రాజ్యము శాసనమూలకముగా రక్షించిన తొలి సందర్భములలో నిది యొకటి.

ఆ కాలముననే ఫాంటెన్‌బ్లో పట్టణవాసియగు డెన్‌కూర్, నెపోలియను సేనలో గాయపడిన వృద్ధసైనికుడు, 1842 నుండి స్వంతధనముతో అడవిలో కాలిబాటలు తీర్చి, రాళ్ళమీద చెట్లమీద నీలపుగుర్తులు వేసి, సామాన్యజనులు దారి తప్పకుండ నడచుటకు వీలు కల్పించెను. చిత్రకారులు అడవిని కాపాడవలెనని రాజ్యమునకు నేర్పగా, ఈయన అడవిని చూడవలెనని ప్రజలకు నేర్పెను. చూచినదానినిగాని జనులు ప్రేమింపరు, ప్రేమించినదానినిగాని కాపాడరు. 1884లో మిల్లే, రూసోల ముఖములను కంచున పోతపోసి శాపూ అను శిల్పి చెక్కిన ఫలకమును బార్బిజోన్ చెంత అడవిలోని ఒక బండరాతికి పొదిగిరి. 1948 అక్టోబరులో అదే ఫాంటెన్‌బ్లోలో నానాదేశ ప్రతినిధులు సమావేశమై ప్రకృతి పరిరక్షణకై అంతర్జాతీయ సంఘమును స్థాపించిరి. 1998లో ఆ యరణ్యము పరిసరభూములతో కూడ యునెస్కోవారి జీవావరణ రక్షితప్రదేశమాయెను.

ప్రతిగ్రామమును తన ప్రముఖులను గూర్చి గర్వించును. వారి యిండ్లకు ఫలకములు కట్టును, వారి పేర్లు వీథులకు పెట్టును. అది తప్పు కాదు. కాని వారు ఆ యూర ఎన్నినాళ్ళుండిరి, లోకమున వారికెంత కీర్తి వచ్చెను అను లెక్కలకంటె, వారు వెళ్ళిన పిదప ఆ యూరికి ఏమి మిగిలినదను ప్రశ్న గట్టిది. బార్బిజోన్ విషయమున దీనికి సమాధానము స్పష్టము. పేరులేని పరిగెస్త్రీలకును, గుద్దలికూలివానికిని లోకము మరువరాని రూపము లభించినది. కళాకారుల బిడ్డలకు ఒక హక్కు లభించినది. గొడ్డలి యెదుట నిలువలేని వృక్షములకు శాసనపు అండ లభించినది. ఆ చిత్రకారులు ఊరికి ఋణపడినదానికంటె ఎక్కువే చెల్లించిరి. తమయూరి పెద్దల చరిత్రను వ్రాయగోరువారందరు, ఏ దేశమువారైనను, ఈ కొలబద్దనే చేపట్టవలెనని నా విన్నపము.